గుణుపురం తమ్ముడికి: మూడో సెన్సర్ కొనొద్దు, ఉన్నదాన్నే సరిగ్గా కూర్చోబెట్టండి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారు గ్రామీణ డాక్ సేవక్. వయసు 58, మోకాళ్ల నొప్పి. పుట్టాసింగి వైపు ఎత్తు రోడ్డులో పోస్టు సంచి వేసుకుని రోజూ తొక్కాలి. అందుకని ఆయన పాత పెద్ద సైకిల్‌కి మీరే 36 వోల్టుల, 250 వాట్ల హబ్ మోటార్ (వెనక చక్రం మధ్యలో ఉండేది) కిట్ బిగించారు. మీ బాధలు నాలుగు. పెడల్ ఒక చుట్టు దాటాక గానీ మోటార్ అందుకోవడం లేదు, అందుకున్నప్పుడు ఒక్క కుదుపుతో లాగుతోంది. ఎత్తులో లాగుతూ ఆగుతూ పోతోంది. తొక్కడం ఆపినా రెండు క్షణాలు తోస్తూనే ఉంది. వానలో తడిసిన రోజు అసలు పలకదు. పెడల్ తిరగడం కనిపెట్టే సెన్సర్లు రెండు మార్చినా ఫలితం లేదు, ఇప్పుడు తొక్కే బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ కొనమంటారా అని అడిగారు.

వద్దు. దానికి పెట్టే డబ్బు దాచుకోండి. టార్క్ సెన్సర్ వేయాలంటే కాటర్ పిన్ క్రాంకులు (అడ్డంగా పిన్ను దూర్చి బిగించే పెడల్ చేతులు) తీసేసి, అవి తిరిగే యాక్సిల్‌ని నాలుగు పలకలది వేయాలి, దానికి తగ్గ కంట్రోలర్ (మోటార్‌కి కరెంటు వదిలే పెట్టె) కూడా కొనాలి. నాన్నగారి సైకిల్‌కి అంత అవసరం లేదు. నేను పర్లాకిమిడిలో సైకిళ్లు, ఆ తర్వాత బ్యాటరీ సైకిళ్లు బాగుచేస్తూ వస్తున్నాను. ఇటు కాశీనగర్ నుంచీ అటు పాతపట్నం నుంచీ నా దగ్గరకు వచ్చిన ఇలాంటి సైకిళ్లలో నిజంగా చెడిపోయిన సెన్సర్లు చాలా తక్కువ. బిగింపు తప్పుగా ఉండటమో, కంట్రోలర్‌కి తప్పు లెక్క చెప్పి ఉండటమో, కరెంటు ఎక్కువ వదలడమో, ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది. మీ సైకిల్‌లో మూడూ ఉన్నాయని నాకు అనిపిస్తోంది.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. మీ దగ్గరున్న పాస్ (పెడల్ అసిస్ట్) సెన్సర్‌కి నాన్నగారు ఎంత బలంగా తొక్కుతున్నారో తెలియదు. పెడల్ ముందుకు తిరుగుతోందా లేదా, ఎంత వేగంగా తిరుగుతోంది, అంతవరకే దానికి తెలుసు. యాక్సిల్ మీద మ్యాగ్నెట్ల రింగు ఉంటుంది, దాని ఎదురుగా సెన్సర్ ఉంటుంది. ఒక్కో మ్యాగ్నెట్ ముందునుంచి పోయినప్పుడల్లా కంట్రోలర్‌కి ఒక్కో సిగ్నల్ వెళ్తుంది. కంట్రోలర్ కొన్ని సిగ్నళ్లు వరసగా అందితేనే మోటార్‌కి కరెంటు వదులుతుంది, కొంతసేపు అందకపోతే ఆపేస్తుంది. ఆలస్యంగా అందుకోవడం, ఎత్తులో ఆగిపోవడం, ఆపినా తోయడం, ఈ మూడు బాధలూ ఈ లెక్కలోంచి వచ్చేవే.

మీరు కిట్ ఏదో రాయలేదు గానీ, సైకిల్ పాతది, కాటర్ పిన్ క్రాంకులది అని రాశారు. నాకు అసలు అనుమానం అక్కడే. కిట్లతో వచ్చే మ్యాగ్నెట్ రింగు లోపలి పళ్లు నాలుగు పలకల యాక్సిల్‌ని పట్టుకోవడానికి చేసినవి. మన పెద్ద సైకిళ్ల యాక్సిల్ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. రింగు దాని మీద ఎక్కుతుంది, చేత్తో చూస్తే బిగువుగానే అనిపిస్తుంది. కానీ గ్రీజు తగిలిందంటే జారుతుంది. యాక్సిల్ తిరుగుతుంది, రింగు నిలబడిపోతుంది, తర్వాత ఎక్కడో పట్టుకుని తిరగడం మొదలెడుతుంది. తొక్కే మనిషికి మాత్రం మోటార్ ఆలస్యంగా వచ్చినట్టు ఉంటుంది. సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా ఈ జబ్బు పోదు.

దీన్ని కనిపెట్టడం సులువు. ఇంట్లో నెయిల్ పాలిష్ ఉంటే తీసుకోండి. యాక్సిల్‌నీ రింగునీ గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండింటి మీదుగా కలిసేలా ఒక్క సన్నని గీత గీయండి. ఆరాక ఒక కిలోమీటరు తొక్కి వచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే రింగు జారుతోందని అర్థం. జారుతుంటే రింగు తీసి, యాక్సిల్ మీద ఆ భాగాన్ని పెట్రోలుతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దండి. పాత ట్యూబులోంచి అర అంగుళం వెడల్పు పట్టీ కోసి ఒక్క చుట్టు బిగించి, దాని మీద రింగు ఎక్కించండి. రెండు ముక్కలుగా విడిపోయే రింగయితే పని సులువు, క్రాంకు తీయకుండానే వేయొచ్చు. చివర చుట్టూ ఎం-సీల్ పెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఉదయం వరకు పెడల్ ముట్టుకోవద్దు.

ఒకవేళ క్రాంకు తీయాల్సి వస్తే జాగ్రత్త. కాటర్ పిన్ నట్టు పూర్తిగా తీసేసి సుత్తితో కొడితే మరలు చెడిపోతాయి. నట్టుని పిన్ చివరతో సమానంగా వచ్చే వరకే వదులు చేసి, క్రాంకు కింద ఇనుప పైపు ముక్క ఆనించి, ఒక్క గట్టి దెబ్బ వేయండి. పైపు ఆనించకపోతే ఆ దెబ్బంతా లోపలి బాల్స్ మీద, కప్పుల మీద పడుతుంది. తిరిగి వేసేటప్పుడు పిన్ పలక వైపు మొదట ఎటు ఉందో అటే ఉండాలి, లేకపోతే రెండు పెడళ్లూ ఒకే వరసలో నిలవవు. తీసే ముందే ఫోటో తీసి పెట్టుకోండి.

క్రాంకు దగ్గర ఉండగానే ఇంకొకటి చూడండి. పెడల్ పట్టుకుని క్రాంకుని ఫ్రేమ్ వైపు, బయటి వైపు ఊపండి. టకటకమని ఆడితే బీబీ (బాటమ్ బ్రాకెట్, పెడల్ యాక్సిల్ కూర్చునే గొట్టం) కప్పు వదులైందన్నమాట. ఏళ్ల తరబడి తిరిగిన పోస్టు సైకిల్‌కి ఇది ఉండనే ఉంటుంది. కప్పు వదులైతే ప్రతి చుట్టులో రింగు సెన్సర్‌కి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పోతుంది. దూరమైన చోట సిగ్నల్ తప్పిపోతుంది. ఎడమ వైపు లాక్ రింగు వదులు చేసి, కప్పు కొద్దిగా బిగించి, మళ్లీ లాక్ చేయండి. యాక్సిల్ ఆట లేకుండా, పట్టేయకుండా తిరగాలి.

ఇక దూరం సంగతి. సెన్సర్ ముఖానికీ మ్యాగ్నెట్లకీ మధ్య ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి రెండు ఏటీఎం కార్డులు కలిపి మధ్యలో దూర్చండి, ఒరుసుకుంటూ దూరితే సరిపోయినట్టే. కిట్‌లో వచ్చే సెన్సర్ పట్టీని కప్పు లాక్ రింగు కింద బిగించమంటారు. మన సైకిల్‌కి అక్కడ చోటు చాలదు. అందుకని చాలామంది ప్లాస్టిక్ టైతో గొట్టానికి కట్టేసి వదిలేస్తారు. పది గుంతలు దిగేసరికి అది జరిగిపోతుంది. నీళ్ల పైపులకి వేసే స్టీలు క్లిప్పు తెచ్చి, కింద రబ్బరు ముక్క పెట్టి బిగించండి. పైన టై కూడా వేయండి, కానీ టై ఒక్కదాన్నే నమ్మొద్దు.

రింగు ఎటు వైపు తిరిగి ఉందన్నదీ ముఖ్యమే. దాని మీద బాణం గుర్తో, ముందుకు తిరిగే దిక్కో రాసి ఉంటుంది. తిరగేసి వేస్తే ముందుకు తొక్కితే మోటార్ రాదు, పెడల్ వెనక్కి తిప్పితే వస్తుంది. కొన్నేళ్ల కిందట మా ఇంటి సైకిల్‌కే నేను ఆ తప్పు చేశాను. మా అబ్బాయి ఎక్కే ముందు కాలు పెట్టుకోవడానికి పెడల్ వెనక్కి తిప్పాడు, సైకిల్ ఒక్కసారిగా ముందుకు దూకింది. మోకాలు గీసుకుపోయి నెత్తురొచ్చింది. అప్పటి నుంచి వెనక చక్రం నేలకు తగలకుండా ఎత్తి నిలబెట్టి చూడకుండా ఏ సైకిల్ మీదా ఎవరినీ ఎక్కనివ్వను. మీరు కూడా ప్రతి మార్పు తర్వాత ముందు స్టాండు మీదే చూడండి.

ఇప్పుడు సెన్సర్ బతికి ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. చాలా సెన్సర్లలో చిన్న లైటు ఉంటుంది. పెడల్ మెల్లగా తిప్పితే మ్యాగ్నెట్ ఎదురొచ్చినప్పుడల్లా వెలిగి ఆరుతుంది. ఒక పూర్తి చుట్టుకి ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, ఆ అంకె తర్వాత కావాలి. లైటు లేకపోతే మల్టీమీటరు 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఎర్ర, నల్ల వైర్ల మధ్య 5 వోల్టులకు దగ్గరగా చూపాలి. నల్ల వైరుకీ సిగ్నల్ వైరుకీ మధ్య పెట్టి పెడల్ మెల్లగా తిప్పితే అంకె పైకీ కిందికీ దూకాలి. దూకుతుంటే సెన్సర్ బాగుంది. 5 వోల్టులే రాకపోతే తప్పు సెన్సర్‌ది కాదు, కనెక్టర్‌దో కంట్రోలర్‌దో. ప్రతి చుట్టులో ఒకే చోట దూకడం మానేస్తే అక్కడి మ్యాగ్నెట్ ఊడిపోయిందన్నమాట, రింగు మార్చాలి.

వానలో పలకకపోవడానికి కారణం నూటికి తొంభై పాళ్లు కనెక్టరే. బీబీ దగ్గర చక్రం చిమ్మే బురదంతా పడే చోట దాన్ని వేలాడదీసి ఉంటారు. విప్పి ఆరబెట్టి, పిన్నులు పచ్చబడి ఉంటే గీకి, కొంచెం వాసలీన్ రాసి మూయండి. వైరుని కనెక్టర్ కంటే కిందికి ఒక వంపు తిప్పి కట్టండి. వైరు మీద పాకే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కనెక్టర్ లోపలికి పోవు.

బిగింపు సరిపోయాకే డిస్‌ప్లే ముట్టుకోండి. మన వైపు వచ్చే కిట్లలో ఎక్కువగా ఎస్ 866 రకం డిస్‌ప్లే ఉంటుంది. పైకి, కిందికి బటన్లు రెండూ కలిపి కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే పీ అనే అక్షరంతో అంకెలు వస్తాయి. ఏదీ మార్చకుండా ముందు అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. పీ 3 బ్యాటరీ వోల్టేజీ, పీ 15 బ్యాటరీ ఎంతకు దిగితే ఆపాలో, పీ 7 వేగం కొలిచే మ్యాగ్నెట్ల లెక్క. ఈ మూడూ ముట్టుకోవద్దు.

మీకు కావాల్సిన మొదటిది పీ 13. పాస్ రింగులో ఎన్ని మ్యాగ్నెట్లున్నాయో చెప్పే అంకె అది: 5, 8, 12. ఇందాక లెక్కపెట్టి రాసుకున్న అంకె ఇక్కడ పెట్టాలి. మీరు రెండుసార్లు సెన్సర్ మార్చానన్నారు, రింగు కూడా మారి ఉంటుంది, కానీ ఈ అంకె మార్చినట్టు రాయలేదు. 12 మ్యాగ్నెట్ల రింగులో ఒక్కో సిగ్నల్‌కి 30 డిగ్రీల తిరుగుడు చాలు. 8 అయితే 45 డిగ్రీలు. మోటార్ కదలడానికి 6 సిగ్నళ్లు కావాలనుకోండి, 12 రింగుతో అర చుట్టులో వస్తుంది, 8 రింగుతో ముప్పావు చుట్టు పడుతుంది. రింగు 8ది, కంట్రోలర్ మాత్రం 12 అనుకుంటోందంటే, నాన్నగారు తొక్కేదానికన్నా మెల్లగా తొక్కుతున్నారని దానికి అనిపిస్తుంది. అదే ఆలస్యం, అదే ఎత్తులో ఆగిపోవడం.

తర్వాత పీ 11, ఎంత తొందరగా అందుకోవాలన్నది. కిట్‌ని బట్టి అంకె పెరిగితే తొందర కావచ్చు, తగ్గితే తొందర కావచ్చు. ఒక్కో మెట్టు మార్చి, స్టాండు మీద పెడల్ తిప్పి, ఎంత తిరుగుడుకి చక్రం కదిలిందో చూడండి. నాన్నగారికి అర చుట్టు సరిపోతుంది. అంతకంటే తొందర పెట్టొద్దు. సంతలో సైకిల్ నడిపించుకుని పోతున్నప్పుడు కాలో సంచో తగిలి పెడల్ కాస్త తిరిగినా మోటార్ వచ్చేస్తుంది, అది ప్రమాదం.

పీ 12 మొదటి లాగుడు ఎంత బలంగా ఉండాలన్నది. 1 పెట్టండి.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది పీ 14, కరెంటు పరిమితి. చవక కంట్రోలర్లలో అసిస్ట్ లెవెల్ (డిస్‌ప్లేలో మనం ఎంచుకునే మోటార్ సాయం మెట్టు) అంటే బలం కాదు, వేగం. 3వ లెవెల్ అంటే గంటకు 18 కిలోమీటర్లు అనుకోండి, పెడల్ తిరగడం తెలియగానే ఆ వేగం వచ్చే వరకు మోటార్ తనకున్న కరెంటంతా లాగేస్తుంది. 36 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లంటే 540 వాట్లు. మోకాళ్లు నొప్పులున్న మనిషిని వెనక నుంచి ఎవరో తోసినట్టు ఉండదా మరి? పీ 14ని 7కి దించండి, 252 వాట్లు అవుతుంది. కుదుపు అక్కడే సగం పోతుంది. బ్యాటరీకి కూడా మేలు. పాత బ్యాటరీ అయితే ఒక్కసారిగా 15 ఆంపియర్లు లాగినప్పుడు వోల్టేజీ పడిపోయి మొత్తం ఆరిపోవడం మామూలే.

7 ఆంపియర్లతో ఎత్తు ఎక్కుతుందా అంటారా? లెక్క వేద్దాం. నాన్నగారు 65 కిలోలు, మోటార్, బ్యాటరీతో సైకిల్ 30, సంచి 15, మొత్తం 110 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు 5 మీటర్లు ఎక్కే రోడ్డులో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే 180 వాట్లు కావాలి. ఆయన కాళ్లు 60, 70 ఇస్తే మిగతా 110, 120 మోటార్ ఇవ్వాలి. 7 ఆంపియర్లు ఇది చేసేస్తాయి. రోడ్డు వందకు 8 మీటర్లు లేస్తే 270 వాట్లు కావాలి, అప్పుడు పీ 14ని 9కో 10కో పెంచాలి. మీ రోడ్డుకి ముందు 7 పెట్టి చూడండి, చాలకపోతే 8 చేయండి. ఘాటీ (కొండ ఎత్తు) ఎక్కాక హబ్ మీద చెయ్యి పెట్టండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ ఎత్తుకి ఆ మోటార్ చాలడం లేదని తెలుసుకుని మధ్యలో ఒకచోట ఆగనివ్వండి.

ఎత్తులో లాగి ఆగడానికి ఇంకో కారణం సైకిల్‌లోనే ఉంది. దీని మీద ఎవరూ దృష్టి పెట్టరు. మన పెద్ద సైకిల్‌కి ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు. అంటే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ దాదాపు 5.4 మీటర్లు పోతుంది. గంటకు 8 కిలోమీటర్లతో ఎక్కుతుంటే పెడల్ నిమిషానికి 25 చుట్లే తిరుగుతుంది. 8 మ్యాగ్నెట్ల రింగయితే సెకనుకి మూడు నాలుగు సిగ్నళ్లు. పైగా పెడల్ నిలువుగా వచ్చిన చోట కాలికి బలం అందక క్షణం ఆగినట్టవుతుంది. అదే క్షణంలో కంట్రోలర్ తొక్కడం ఆపేశారనుకుని మోటార్ ఆపేస్తుంది. మోటార్ ఆగగానే బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. మీ నాన్నగారి నొప్పికి ఇదే మందు అనుకుని మీరు ఇంత చేస్తే, అదే నొప్పి పెంచుతోంది.

వెనక 18 పళ్ల ఫ్రీ వీల్ తీసి 22 పళ్లది వేయించండి, మోటార్ హబ్‌కి మర ఎక్కే రకమే చూసి. అప్పుడు చుట్టుకి 4.4 మీటర్లు, అదే వేగానికి నిమిషానికి 30 చుట్లు. కాళ్లు తేలిగ్గా తిరుగుతాయి, సిగ్నళ్లు తెగవు. చైను ఒకటి రెండు లింకులు పెంచాల్సి రావచ్చు. ఖర్చు తక్కువ, సుఖం ఎక్కువ. నన్నడిగితే డిస్‌ప్లే అంకెలకంటే ముందు దీనికే డబ్బు పెట్టమంటాను. చదునులో కాళ్లు కొంచెం ఎక్కువ తిరుగుతాయి, అంతే. దానితో పాటు రింగు కూడా 12 మ్యాగ్నెట్లది వేయండి, పీ 13 మార్చడం మాత్రం మరవకండి.

ఆపినా తోయడం గురించి. చివరి సిగ్నల్ తర్వాత కంట్రోలర్ కొంతసేపు చూస్తుంది, అది పూర్తిగా పోదు. కరెంటు తగ్గిస్తే ఆ తోపు మెత్తబడుతుంది, 12 రింగుతో ఇంకా తగ్గుతుంది. కానీ బ్రేకు నొక్కగానే మోటార్ ఆగి తీరాలి, ఇందులో రాజీ లేదు. కిట్‌తో వచ్చిన కటాఫ్ (నొక్కగానే మోటార్‌ని ఆపే) బ్రేకు లివర్లు మన కడ్డీ బ్రేకులకి పట్టవు. అందుకే చాలామంది ఆ వైర్లు ఖాళీగా వదిలేస్తారు. మీరూ వదిలేసే ఉంటారు. మ్యాగ్నెట్‌తో పనిచేసే బ్రేకు సెన్సర్లు విడిగా దొరుకుతాయి. చిన్న మ్యాగ్నెట్‌ని బ్రేకు కడ్డీకి అతికించి, సెన్సర్‌ని హ్యాండిల్ గొట్టానికి కట్టాలి. బ్రేకు కట్టలు రిమ్‌ని తాకకముందే, కడ్డీ కొంచెం కదలగానే మోటార్ ఆగేలా జరుపుకోవాలి. రెండు చక్రాల బ్రేకులకీ పెట్టండి. చాలా కిట్లలో పెడల్ పావు చుట్టు వెనక్కి తిప్పినా మోటార్ వెంటనే ఆగుతుంది. స్టాండు మీద చూసి మీదాంట్లో అలా ఆగితే ఆ అలవాటు కూడా నాన్నగారికి చేయించండి.

పీ 8లో వేగం 25 లోపే ఉండేలా పెట్టండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు గొడవ లేదు. ఉద్యోగం మీద రోడ్డెక్కే మనిషికి ఆ టెన్షన్ ఎందుకు?

పీ 10ని 2లో ఉంచండి, పెడల్‌తోనూ థ్రాటిల్‌తోనూ (చేత్తో తిప్పే యాక్సిలరేటర్) నడుస్తుంది. ఎత్తులో నిలబడ్డ చోటు నుంచి కదలాల్సి వస్తే పాస్ కోసం చూడకుండా థ్రాటిల్ కొద్దిగా తిప్పి, సైకిల్ కదిలాక తొక్కమనండి. మోకాళ్లకి అన్నిటికంటే బరువైన క్షణం అదే.

పని వరస మాత్రం ఇదే ఉంచండి: కప్పు, రింగు గీత, దూరం, కనెక్టర్, లెక్క, తర్వాతే అంకెలు. ఒక రోజు ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అంతా కుదిరాక ఎక్కడ ఏ అసిస్ట్ లెవెల్ పెట్టాలో గుర్తుండేలా ఒక చిన్న కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘చదును 1, ఘాటీ 3, సంతలో 0’ అని రాసి, సెల్లో టేపు వేసి హ్యాండిల్ మీద అతికించండి. మొదటి రోజు ఆయన్ని ఒంటరిగా పంపొద్దు, మీరు ఇంకో సైకిల్ మీద పక్కనే వెళ్లండి.

తర్వాత నాకు మూడు సంగతులు రాయండి: ఒక చుట్టుకి లైటు ఎన్నిసార్లు వెలిగింది, నెయిల్ పాలిష్ గీత నిలిచిందా తెగిందా, ఘాటీ పైకి వెళ్లాక హబ్ ఎంత వేడెక్కింది. ఇవి తెలిస్తే పీ 14 ఎంత పెట్టాలో కచ్చితంగా చెప్పగలను.